ఆపరేషన్ తర్వాత కుట్లకు చీము పట్టకుండా: పరిశోధనలు ఏం తేల్చాయి?

ఆపరేషన్ బాగా జరిగింది, పేషెంట్ ఇంటికి వచ్చేసింది, చుట్టాలు చూసి వెళ్తున్నారు. ఏడో రోజో ఎనిమిదో రోజో కుట్ల దగ్గర ఎర్రబడుతుంది. తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది. ఇంకో రెండు రోజులకు చీము కనిపిస్తుంది. మళ్లీ ఆస్పత్రి, మళ్లీ డ్రెస్సింగులు, మళ్లీ సూదులు, మళ్లీ అప్పు. ఇలాంటి సంగతి మన మొహల్లాల్లో ఎవరో ఒకరి ఇంట్లో వింటూనే ఉంటాం. డాక్టర్లు దీన్ని సర్జికల్ సైట్ ఇన్ఫెక్షన్ అంటారు, అంటే కోత పెట్టిన చోట వచ్చే ఇన్ఫెక్షన్. ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు వస్తే ఈ లెక్కలోకి వస్తుంది. లోపల రాడ్డు, ప్లేటు, కృత్రిమ కీలు లాంటివి పెట్టి ఉంటే 90 రోజుల దాకా చూస్తారు. బాలింతకు మన ఇళ్లలో చిల్లా 40 రోజులు లెక్కపెడతాం కదా, కుట్ల మీద కన్నేసి ఉంచాల్సిన కాలం కూడా దాదాపు అంతేనని గుర్తుపెట్టుకోవచ్చు.

తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 100 మందిలో 11 మందికి ఇన్ఫెక్షన్ వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఇది మనకు దూరపు ముచ్చట కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలోని రాష్ట్రాలన్నిటిలో ఇదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అంటే తెలంగాణలో తల్లులయ్యే ఆడపిల్లల్లో సగానికి పైగా పొట్ట మీద కోతతోనే ఇంటికి వస్తున్నారు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. విచారణలో బయటపడింది ఇన్ఫెక్షనే. చిన్న ఆపరేషన్ అనుకున్నదాంట్లోనే ఇలా జరిగింది.

ఈ ఇన్ఫెక్షన్లలో సుమారు సగం ఆపగలిగినవేనని నిపుణుల అంచనా. మరి దేనితో ఆగుతాయి? ఖరీదైన మందులతోనా? 60 ఏళ్ల పరిశోధనలు తిరగేస్తే కనిపించేది వేరు. బాగా పనిచేసినవాటిలో చాలావరకు చవకవి. కాకపోతే వేళకు జరగాలి, ప్రతిసారీ జరగాలి.

ఒకే ఆగస్టు, ఇద్దరు డాక్టర్లు

1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేయడం వల్ల బాలింతలు జ్వరంతో చనిపోతున్నారని పసిగట్టాడు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడగమని పట్టుబట్టాడు. ఆ వార్డులో మరణాలు అమాంతం తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. చేతులు మురికిగా ఉన్నాయంటే పెద్దమనుషులకు పౌరుషం వచ్చింది మరి. చివరికి ఆయన 1865 ఆగస్టు 13న ఓ మానసిక ఆస్పత్రిలో చనిపోయాడు. సరిగ్గా దానికి ముందు రోజే స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్, బండి కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ల పిల్లాడి గాయానికి కార్బాలిక్ యాసిడ్ గుడ్డ చుట్టాడు. ఆ కాలంలో ఎముక బయటికి పొడుచుకొచ్చిన గాయమంటే కాలు తీసేయడమో ప్రాణం పోవడమో. ఆ పిల్లాడు కాలుతోనే ఇంటికి వెళ్లాడు. క్రిములను చంపి ఆపరేషన్ చేసే పద్ధతికి అదే మొదలు.

సూది ఎప్పుడు పడిందన్నదే అసలు ప్రశ్న

చీము పట్టించే క్రిములు చాలాసార్లు బయటినుంచి ఎగిరొచ్చేవి కావు. పేషెంట్ చర్మం మీద, ముక్కులో, పేగుల్లో ముందే ఉన్నవే కోతలోకి దిగుతాయి. కత్తి పెట్టిన క్షణం నుంచి కుట్లు వేసేదాకా ఆ తలుపు తెరిచి ఉంటుంది. కాబట్టి ఆ సమయానికే మందు రక్తంలోంచి కండలోకి చేరి సిద్ధంగా ఉండాలి.

దీన్ని 1961లో అమెరికాలో జాన్ బర్క్ ప్రయోగశాల జంతువుల మీద చూపించాడు. క్రిములు లోపలికి వెళ్లేముందో, వెళ్లేటప్పుడో యాంటీబయాటిక్ ఇస్తే ఇన్ఫెక్షన్ అణిగిపోయింది. మూడు గంటలు ఆలస్యంగా ఇస్తే ఇవ్వనట్టే అయింది. మనుషుల్లో పెద్ద ఆధారం 1992లో వచ్చింది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ ఆస్పత్రిలో 2,847 మంది పేషెంట్లను గమనించారు. కోతకు ముందు రెండు గంటల్లోపు సూది పడినవాళ్లలో 0.6 శాతం మందికే ఇన్ఫెక్షన్ వచ్చింది. అంతకంటే బాగా ముందే ఇచ్చేసినవాళ్లలో 3.8 శాతం. ఆపరేషన్ మొదలై మూడు గంటలు దాటాక ఇచ్చినవాళ్లలో 3.3 శాతం. మందు ఇచ్చిన వేళ తప్పితే ఇన్ఫెక్షన్ ఐదారు రెట్లు.

ఇక ఇంకో వైపు చూడండి. మన దగ్గర డిశ్చార్జి చీటీలో ఐదు రోజులు, వారం రోజులు యాంటీబయాటిక్ మాత్రలు రాయడం మామూలైపోయింది. ఇవ్వకపోతే పేషెంట్ తరఫు వాళ్లే అడిగి రాయించుకుంటారు. "డాక్టర్ సాబ్, కొంచెం పవర్ ఉన్నది రాయండి" అని. దీన్ని పరీక్షించిన 52 ట్రయల్స్‌ను, అంటే 19,273 మంది వివరాలను కలిపి 2020లో విశ్లేషించారు. కోతకు ముందు మందు సరిగ్గా ఇచ్చి, మిగతా జాగ్రత్తలు కూడా పాటించిన చోట, ఆపరేషన్ అయ్యాక మందు కొనసాగించడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు కూడా ఇదే గట్టిగా చెప్పాయి: కోతకు ముందు 120 నిమిషాల్లోపు ఇవ్వండి, ఆపరేషన్ ముగిశాక ఇన్ఫెక్షన్ రాకుండా అన్న కారణంతో పొడిగించకండి. ఆపరేషన్ గంటల తరబడి సాగినా, రక్తం బాగా పోయినా మధ్యలో ఇంకో డోసు ఇస్తారు, అది వేరు. సిజేరియన్‌లో కూడా ఒకప్పుడు బొడ్డు తాడు కోశాక ఇచ్చేవాళ్లు, ఇప్పుడు కోతకు ముందే ఇవ్వాలంటున్నారు.

అనవసరంగా మింగిన మాత్ర ఊరికే పోదు. విరేచనాలు పట్టుకోవచ్చు, డబ్బు దండగ, అన్నిటికీ మించి మన ఒంట్లోని క్రిములు ఆ మందుకు అలవాటుపడి మొండికేస్తాయి. 66 దేశాల్లో 343 ఆస్పత్రులు కలిసి చేసిన ఓ అధ్యయనంలో (2018లో వెలువడింది) చీముకు కల్చర్ పరీక్ష చేసి క్రిమి దొరికిన పేషెంట్లలో ఐదింట ఒక వంతు కంటే కొంచెం ఎక్కువ మందిలో, ముందు ఇచ్చిన యాంటీబయాటిక్ ఆ క్రిమి మీద పనిచేయనిదని తేలింది.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఇది ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే మందు గురించి. అపెండిక్స్ పగిలిపోయి పొట్ట నిండా చీము ఉంటే, పేగుకు చిల్లు పడి ఉంటే, అప్పుడు రోజుల తరబడి ఇచ్చేది చికిత్స. దాన్ని సొంతంగా ఆపకూడదు. అందుకే డిశ్చార్జి రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ మాత్రలు ఇన్ఫెక్షన్ ఉందని ఇస్తున్నారా, రాకుండా ఇస్తున్నారా?" జవాబును బట్టి మిగతా మాట మీరే మాట్లాడుకోగలరు. పెన్సిలిన్ పడని వాళ్లయితే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి, మందు మార్చాల్సి రావచ్చు.

బ్లేడు వద్దు

మన ఇళ్లలో శుభ్రత పట్టింపు ఎక్కువ. కాన్పుకో ఆపరేషన్‌కో వెళ్లేముందు రాత్రి ఇంట్లోనే బ్లేడుతో వెంట్రుకలు తీసుకుని, స్నానం చేసి వెళ్లడం చాలామంది ఆడవాళ్లకూ మగవాళ్లకూ అలవాటు. ఉద్దేశం మంచిదే, కానీ కోత పడబోయే చోట బ్లేడు పెట్టడమే తప్పు. బ్లేడు చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది. తెల్లారేసరికి ఆ గాట్లలో క్రిములు చేరి పెరుగుతాయి.

కెనడాలోని కాల్గరీలో పదేళ్లపాటు 62,939 ఆపరేషన్ గాయాలను లెక్కపెట్టి 1980లో ఫలితాలు ప్రచురించారు. శుభ్రమైన ఆపరేషన్లలో బ్లేడుతో గీసిన చోట ఇన్ఫెక్షన్ 2.5 శాతం, కత్తిరించిన చోట 1.7 శాతం, వెంట్రుకలు అసలు ముట్టుకోని చోట 0.9 శాతం. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట సూటిగా ఉంది: వెంట్రుకలు తీయకండి, తప్పదనుకుంటే క్లిప్పర్ మెషీన్‌తో కత్తిరించండి, ఇంట్లో గానీ థియేటర్‌లో గానీ బ్లేడుతో గీయకండి. ఆస్పత్రిలో వార్డు బాయ్ బ్లేడు పట్టుకొచ్చినా అడగొచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు. ముందు రోజో ఆ రోజో మామూలు సబ్బుతో స్నానం మాత్రం మంచిదే.

ఆల్కహాల్ ఉన్న మందు రాస్తే?

కోతకు ముందు చర్మానికి రాసే మందుల్లో ఆల్కహాల్ కలిసినవి ఉన్నాయి. డాక్టర్లు చేతులకు రుద్దుకునేదీ అదే. పెద్దవాళ్లు కొందరు ఈ సంగతి అడుగుతుంటారు. 2002 జనవరిలో మక్కాలో జరిగిన రాబితా ఫిఖ్హ్ కౌన్సిల్ సమావేశం దీన్ని చర్చించి, గాయాలు శుభ్రం చేయడానికి, క్రిములను చంపడానికి పైపైన ఆల్కహాల్ వాడొచ్చని తీర్మానించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రత మార్గదర్శకాల్లోనూ ఈ తీర్మానం ప్రస్తావన ఉంది. ఇంకా సందేహం ఉంటే మీ ఆలిమ్‌ను ముందే అడిగి పెట్టుకోండి, థియేటర్ గుమ్మం దగ్గర కాదు.

వైద్యపరంగా ఏ మందు మెరుగు అన్నది ఇంకో చర్చ. 2010లో ఫలితాలు వెలువడిన, అమెరికాలో 849 మంది మీద చేసిన ట్రయల్‌లో మామూలు అయోడిన్ మందు రాసినవాళ్లలో 16.1 శాతం, ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్ రాసినవాళ్లలో 9.5 శాతం ఇన్ఫెక్షన్లు వచ్చాయి. దాంతో ఖరీదైన ఆ మందుకు గిరాకీ పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్నే సిఫారసు చేసింది. కానీ సంపన్న దేశంలో తేలింది మన ఆస్పత్రుల్లోనూ నిజమేనా? దీన్ని తేల్చడానికే ఫాల్కన్ అనే ట్రయల్ పెట్టారు.

మన దేశం పాల్గొన్న రెండు పరీక్షలు

బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ముందుండి నడిపించగా బెనిన్, ఘనా, భారత్, మెక్సికో, నైజీరియా, రువాండా, దక్షిణాఫ్రికా సర్జన్లు కలిసి చేశారు. ఈ బృందానికి మన దేశంలో కేంద్రం లూధియానాలోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. ఫాల్కన్‌లో 54 ఆస్పత్రుల్లో 5,788 మంది పొట్ట ఆపరేషన్ పేషెంట్లను తీసుకున్నారు. ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. అలా చేయకపోతే డాక్టర్ తెలియకుండానే తేలిక కేసులకు ఒక మందు, కష్టమైన కేసులకు ఇంకోటి వాడే ప్రమాదం ఉంటుంది. ఆల్కహాల్ క్లోర్‌హెక్సిడిన్‌ను మామూలు నీళ్ల పోవిడోన్ అయోడిన్‌తో పోల్చారు. క్రిములను చంపే మందు పూసిన ఖరీదైన కుట్ల దారాన్ని మామూలు దారంతో పోల్చారు. 2021లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది: రెండిట్లోనూ తేడా లేదు. చవక మందు, చవక దారం వెనకబడలేదు. బాధ కలిగించే అంకె ఇంకోటుంది. మొత్తంగా 22 శాతం మందికి, అంటే ఐదుగురిలో ఒకరికి పైగా, ఇన్ఫెక్షన్ వచ్చింది.

ఏదీ పనిచేయలేదని వదిలేయకుండా అదే బృందం ఇంకో చిన్న ప్రశ్న వేసుకుంది. పొట్ట ఆపరేషన్‌లో సర్జన్ గ్లౌజులు, పరికరాలు లోపలి పేగులకూ చీముకూ తగిలి ఉంటాయి. చివర్లో అవే గ్లౌజులతో, అవే కత్తెరలతో పైచర్మం కుడతారు. కుట్లు వేసేముందు గ్లౌజులు మార్చుకుని, విడిగా పెట్టిన శుభ్రమైన పరికరాలు తీసుకుంటే ఏమవుతుంది? వంటింట్లో మాంసం కోసిన కత్తిని కడగకుండా దాంతోనే పండ్లు కోయం కదా, అంతటి మామూలు ఆలోచన. చాలామంది సర్జన్లు మంచిదేనంటారు, కానీ రోజూ చేసేవాళ్లు తక్కువ.

ఈ ట్రయల్ పేరు చీతా. ఇక్కడ లాటరీ పేషెంట్లకు కాదు, ఆస్పత్రులకే వేశారు. ఒకే థియేటర్‌లో ఒకరికి మార్చి ఇంకొకరికి మార్చకుండా ఉండటం కుదరదు, అలవాటు అటూ ఇటూ కలిసిపోతుంది. అందుకని అవే ఏడు దేశాల్లో 81 ఆస్పత్రులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఎప్పటిలాగే చేయాలి, రెండో గుంపు తప్పనిసరిగా మార్చాలి. 2020 జూన్ నుంచి 2022 మార్చి దాకా, కరోనా రోజుల మధ్యలోనే, 13,301 మంది చేరారు. మామూలు పద్ధతి ఆస్పత్రుల్లో గ్లౌజులు, పరికరాలు రెండూ మార్చింది 100 ఆపరేషన్లలో ఒక్కదాంట్లో కూడా లేదు. మార్చమన్న చోట 98 శాతం మార్చారు. ఇన్ఫెక్షన్లు 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి.

మూడు శాతమేనా అనిపించొచ్చు. లెక్క వేయండి: ఇలా మార్చిన ప్రతి 35 ఆపరేషన్లకు ఒక పేషెంట్ చీము బాధ తప్పించుకున్నట్టు. ఖర్చు జత గ్లౌజులు, స్టెరిలైజ్ చేసి పెట్టిన ఓ చిన్న ట్రే. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు, క్రిములు మొండికేసే భయమూ లేదు. నా ఉద్దేశంలో ఈ పదేళ్లలో మన లాంటి దేశాలకు పనికొచ్చిన సర్జరీ పరిశోధనల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. ఒక పరిమితి చెప్పాలి, చీతా చూసింది ఐదు సెంటీమీటర్లు, ఆపైన కోత పడే పొట్ట ఆపరేషన్లనే. కంటి ఆపరేషన్‌కో, మోకాలికో అదే అంకె వర్తిస్తుందని చెప్పలేం.

జట్టు క్రమశిక్షణ గురించి కూడా ఇలాంటి ఆధారమే ఉంది. 2009లో వెలువడిన ఓ అధ్యయనం కోసం న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో ఓ చెక్‌లిస్టు ప్రయత్నించారు. కోతకు ముందు ఆగి, పేషెంట్ పేరేమిటి, యాంటీబయాటిక్ పడిందా అని పైకి చదివి సరిచూసుకోవడం, అంతే. ఆపరేషన్ ఇన్ఫెక్షన్లు 6.2 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి.

ఇంటి వైపు నుంచి

షుగర్ ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ ఎక్కువ. ముందుగా తేదీ ఇచ్చిన ఆపరేషన్ అయితే ఆ లోపు షుగర్ అదుపులోకి తెచ్చుకోవాలి. దావత్‌లూ, ఖుబానీ కా మీఠాలూ తర్వాత. సిగరెట్, బీడీ సంగతీ అంతే. డెన్మార్క్‌లో వలంటీర్ల చర్మం మీద చిన్న కోతలు పెట్టి చేసిన ఓ పరీక్షలో (2003) పొగతాగేవాళ్ల గాయాల్లో 12 శాతం ఇన్ఫెక్ట్ అయ్యాయి, ఎప్పుడూ తాగనివాళ్లవి 2 శాతమే. నాలుగు వారాలు మానేసినవాళ్లలో ఇన్ఫెక్షన్లు స్పష్టంగా తగ్గాయి. కాబట్టి అబ్బాకు హెర్నియా ఆపరేషన్ వచ్చే నెలలో ఉంటే ఇవాళే మాన్పించాలి, ముందు రోజు కాదు.

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం పెట్టకూడదని పత్యం పేరుతో కడుపు మాడ్చడం మన దగ్గర తెలుగువాళ్లందరిలో ఉంది. దానికి వైద్య ఆధారం లేదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప, యఖ్నీ, పేషెంట్‌కు అరిగేది ఏదైనా పెట్టండి, డాక్టర్ ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప.

కుట్ల మీద పసుపు, పౌడరు, డెట్టాల్, మిగిలిపోయిన ఆయింట్‌మెంట్లు పూయొద్దు. 48 గంటలు దాటాక నీళ్లు పోసుకోవచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, మీ డాక్టర్ వద్దంటే ఆయన మాటే వినాలి. వుజూ, గుస్ల్ గురించి ఆందోళన పడేవాళ్లు డిశ్చార్జి రోజే నీళ్లు ఎప్పటి నుంచి తగలొచ్చో అడిగి తెలుసుకుంటే మంచిది. డ్రెస్సింగ్ మార్చేవాళ్లు ముందు చేతులు సబ్బుతో కడగాలి. చూడవచ్చిన ఖాలాలూ, ఫుప్పూలూ ప్రేమతో కట్టు విప్పి చూడబోతే మర్యాదగానే ఆపాలి.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి మూడు పెద్ద ఆస్పత్రుల్లో 3,090 మందిని వెంబడించి చూస్తే 161 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. వాటిలో చాలావరకు బయటపడింది డిశ్చార్జి అయ్యాకే. అంటే మొదట చూసేది ఇంట్లోవాళ్లే. మొదటి రెండు మూడు రోజులు కుట్ల అంచున కొద్దిగా ఎరుపు, వాపు మామూలే. రోజురోజుకూ నొప్పి పెరగడం, ఎరుపు పక్కకు పాకడం, వేడిగా తగలడం, చీము లేక దుర్వాసన, కుట్టు విడిపోవడం, చలితో జ్వరం, వీటిలో ఏదైనా కనిపిస్తే మెడికల్ షాపులో మాత్ర అడక్కుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. చీము ఉంటే మందు మార్చేముందు దాన్ని కల్చర్ పరీక్షకు పంపిస్తారా అని అడగండి. ఇంట్లో ఉన్నప్పుడు డ్రెస్సింగ్ మార్చిన ప్రతిసారీ పగటి వెలుతురులో ఫోన్‌లో ఓ ఫొటో తీసి పెట్టుకుంటే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతో డాక్టర్‌కు చూపించడం తేలిక.